జోడీ లెక్క

రెండడుగుల గాజు ట్యాంకు, దాని కింద స్టాండు, ఫిల్టరు, రంగురాళ్ళు, అన్నిటికీ బిల్లు కట్టాక షాపతను అడిగాడు: "ఎన్ని జోడీలు వేయమంటారు సార్?"

ఆ ప్రశ్నలో తప్పేమీ నాకు కనబడలేదు. మా అమ్మాయి వేలు పెట్టి చూపించినవన్నీ రెండేసి వేయించాను. గోల్డ్ ఫిష్ రెండు, ఏంజెల్స్ రెండు, టైగర్ బార్బులు రెండు, నల్ల మోలీలు రెండు, గౌరామీలు రెండు. నియాన్ టెట్రాలు మరీ చిన్నవి కాబట్టి ఆరు. గాజుకు పట్టే పాచి తింటుందని ఒక సక్కర్ ఫిష్, అది కొసరు. మొత్తం 17. ఇంటికొచ్చి లైటు వేస్తే హాలంతా పండగలా ఉంది.

ఏడాది తిరిగేసరికి అందులో నాలుగు మిగిలాయి. అప్పటినుంచి ఎవరైనా "అక్వేరియం పెడుతున్నాం, ఎన్ని చేపలు వేయొచ్చు?" అని అడిగితే, ముందు రకాలు ఎన్నో చెప్పమంటాను. ఇంట్లో పెట్టుకునే చిన్న ట్యాంకులో ఒక రకం, మహా అయితే రెండు రకాలు చాలు. కానీ ఎంచుకున్న ఆ రకంలో ఆరో, ఎనిమిదో, పదో ఉండాలి. మనం దీన్ని తిరగేసి చేస్తాం. రకాలు ఏడు, ఒక్కో రకంలో రెండు.

జోడీ అనే మాట మనకు అలవాటైపోయింది. ఒకటే ఉంటే పాపం ఒంటరిదని జాలి, రెండుంటే తోడుందని తృప్తి. చిలకలకూ పావురాలకూ ఆ లెక్క సరిపోతుందేమో. టైగర్ బార్బుకు సరిపోదు. అది గుంపు చేప. పది ఉంటే తమలో తాము తరుముకుంటాయి, ఎవరు పెద్ద ఎవరు చిన్న అని తేల్చుకోవడంలోనే వాటికి రోజు గడిచిపోతుంది. రెండే ఉంటే ఆ దుడుకంతా పక్కవాటి మీదికి మళ్ళుతుంది. మా ఇంట్లో అది ఏంజెల్స్ మీదికి మళ్ళింది. కుచ్చెళ్ళలా వేలాడే వాటి రెక్కలు వారం తిరక్కుండా పీలికలైపోయాయి. నేను బార్బులను తిట్టుకున్నాను. నిజానికి తప్పు వాటిని రెండే కొన్న నాది.

ఏంజెల్స్‌నూ మరీ అమాయకులనుకోకండి. కొన్నప్పుడు రూపాయి బిళ్ళంత ఉన్నాయి. నాలుగైదు నెలలకు నా అరచేతిలో సగం అయ్యాయి. అప్పుడే నియాన్లు ఒక్కొక్కటే తగ్గడం మొదలైంది. చచ్చిన చేప అయితే పైకి తేలాలి కదా, ఒక్కటీ తేల్లేదు. ఫిల్టరు విప్పి చూశాం, స్టాండు కింద వెతికాం. ఆఖరుది కూడా మాయమయ్యాక గానీ నా బుర్రకు తట్టలేదు. షాపుకెళ్ళి అడిగితే "రెండూ కమ్యూనిటీ చేపలే సార్, కలిసే ఉంటాయి" అన్నాడు. కలిసే ఉంటాయి, నిజమే. రెండూ అమెజాన్ నదీ ప్రాంతానివే. నోట్లో పట్టేదాన్ని ఏంజెల్ అక్కడా మింగుతుంది, మా హాల్లోనూ మింగింది. ఏ రెండు చేపలు కలిసి ఉంటాయో తేల్చేటప్పుడు అన్నిటికంటే ముందు చూడాల్సింది చిన్నదాని ఒళ్ళు పెద్దదాని నోట్లో పడుతుందా అని. అదీ ఇవాళ షాపులో ఉన్న సైజు కాదు, పూర్తిగా ఎదిగాక ఉండే సైజు.

మోలీల సంగతి ఇంకో రకం. అవి గుడ్లు కాదు, పిల్లలనే పెడతాయి. ఒక మగది, ఒక ఆడది అని జోడీగా వేస్తే మగది పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ ఒక్కదాని వెంటే పడుతుంది. దానికి తిండీ ఉండదు, దాక్కునే చోటూ ఉండదు. అందుకే మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలంటారు. అలా వేస్తే ఇక లెక్క మన చేతిలో ఉండదు. నెలకోసారి పిల్లలు. మగదాన్ని తీసేసినా ఆడది కొన్ని నెలలపాటు పిల్లలు పెడుతూనే ఉంటుంది, ముందే దాచుకున్న బీజం దాని ఒంట్లో ఉంటుంది కాబట్టి. గప్పీలదీ ఇదే కథ. ఎన్ని చేపలు వేయాలని అడిగేవాళ్ళు గప్పీల విషయంలో ఆరు నెలలకు ఎన్నవుతాయని అడగాలి.

ఇక ఆ మే నెల రాత్రి. గాలివానకు కరెంటు పోయింది. ఇన్వర్టర్‌కి ఫ్యాన్లు, లైట్లు కలిపాం గానీ ట్యాంకు ప్లగ్గు సంగతి ఎవరికీ గుర్తులేదు. తెల్లవారుజామున ఐదింటికి లేచి చూస్తే చేపలన్నీ నీటి పైకొచ్చి నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. కొన్ని అప్పటికే పక్కకు వాలిపోయాయి. ఏంజెల్స్, మోలీలు, బార్బులు, ఒక గోల్డ్ ఫిష్, మొత్తం ఏడు పోయాయి. గౌరామీలు రెండూ, సక్కర్ ఫిష్, మిగిలిన గోల్డ్ ఫిష్ బతికాయి. గౌరామీ నీళ్ళ పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకోగలదు. మన కొర్రమీను లాగే. కాసిని నీళ్ళున్న తొట్టిలో కొర్రమీను గంటల తరబడి బతికి ఉండటం చేపల మార్కెట్లో చూసినవాళ్ళకు ఇది వింతేమీ కాదు. సక్కర్ ఫిష్‌కీ అవసరమైతే గాలి మింగి బతికే ఏర్పాటు ఉంది. అంటే నా ట్యాంకులో బతికినవాటిలో ఎక్కువ, నీళ్ళలో ఆక్సిజన్ లేకపోయినా నడిపించుకోగలిగినవే.

ఆ వారంలోనే మామయ్య వచ్చాడు. అమ్మకు తమ్ముడు, కైకలూరు దగ్గర ఇరవై ఏళ్ళుగా చేపల చెరువులు చేస్తున్నాడు. ట్యాంకు ముందు కుర్చీ వేసుకుని కాసేపు చూశాడు. అడుగున రాయికి అంటుకున్న సక్కర్ ఫిష్ కదిలింది.

"ఇదెక్కడిదిరా?"

"క్లీనర్ మామయ్యా. గాజు నాకుతుంది. షాపులో ఫ్రీగా ఇచ్చారు."

"ఫ్రీగా కాక డబ్బులిచ్చి ఎవడు కొంటాడు! దెయ్యం చేప ఇది. చెరువులో పడిందంటే వల చింపి పోగులు పెడుతుంది."

నాకు అప్పటిదాకా ఆ సంగతి తెలియదు. దక్షిణ అమెరికా నుంచి అక్వేరియాల కోసం వచ్చిన ఈ చేప, పెంచలేక జనం కాలవల్లో, చెరువుల్లో వదిలేయడం వల్ల మన నీళ్ళలో స్థిరపడిపోయింది. ఒళ్ళంతా గట్టి పెంకు, రెక్కలకు ముళ్ళు. కొనుక్కునేటప్పుడు బొటనవేలంత. ఎదిగితే అడుగున్నర దాకా అవుతుంది. నా ట్యాంకు వెడల్పే అడుగు.

తర్వాత మామయ్య అడిగింది వాళ్ళ వృత్తిలో ఎవరైనా అడిగేదే. "దీంట్లో నీళ్ళెన్ని?"

పొడవు 24 అంగుళాలు, వెడల్పు 12, ఎత్తు 12. దాదాపు 56 లీటర్లు. అడుగున రాళ్ళు, పైన వదిలే ఖాళీ తీసేస్తే 45 మిగులుతాయి. ఆయన వేళ్ళ మీద లెక్కేశాడు. ఎకరం చెరువులో ఐదడుగుల నీళ్ళంటే సుమారు 60 లక్షల లీటర్లు. హెక్టారుకు 5 వేల పిల్లలనే పుస్తకం లెక్క ప్రకారం ఎకరానికి 2 వేల పిల్లలు. ఒక్కో చేపకు 3 వేల లీటర్లు. నా ట్యాంకులో ఒక్కోదానికి మూడు లీటర్లు కూడా లేవు.

ఈ పోలిక సరైంది కాదని నాకూ తెలుసు. చెరువు చేప కిలో, అంతకు మించి పెరుగుతుంది, మా నియాన్ వేలి గోరంత బరువు ఉండదు. చెరువుకు ఫిల్టరు లేదు, నాకుంది. అయినా మామయ్య మాటల్లో నాకు పట్టుకున్నది ఆ అంకె కాదు. చెరువు చేసేవాడికి పిల్లలు వేసే ముందే పట్టుబడి నాటి చేప కళ్ళముందు ఉంటుంది. వేలెడు పిల్లను చూసి కిలో చేపకు నీళ్ళు లెక్కేస్తాడు. నేను వేలెడు పిల్లను చూసి వేలెడు పిల్లకే లెక్కేశాను.

రకాల విషయంలోనూ అంతే. బొచ్చె పై నీళ్ళలో తింటుంది, రాగండి నడుమ, మోసు అడుగున. మూడూ ఒక చెరువులో వేస్తే ఒకదాని మేతకు ఇంకోటి అడ్డురాదు. ఎన్నో ఏళ్ళుగా పుస్తకాల్లో ఉన్న పద్ధతే ఇది. వాళ్ళ వైపు ఇప్పుడు ఎక్కువగా రాగండి, దానికి తోడు కొంచెం బొచ్చె, అంతే. మోసును చాలామంది మానేశారు. లక్షల లీటర్ల నీళ్ళున్నవాళ్ళు రెండు రకాలకు ఆగితే, 45 లీటర్లవాణ్ణి నేను ఏడు రకాలు వేశాను. కలిసి ఉండటమంటే కొట్టుకోకుండా ఉండటమొక్కటే అనుకున్నాను. ఏది ఏ ఎత్తులో తిరుగుతుంది, ఏ నీళ్ళు కోరుతుంది, ఎంత వేడి తట్టుకుంటుంది అన్నవి కూడా అందులోకే వస్తాయి. గోల్డ్ ఫిష్ చల్లటి నీళ్ళది. ఏంజెల్‌కు వెచ్చగా ఉండాలి. ఆ రెండూ ఏ రోజూ పోట్లాడలేదు గానీ రెంటిలో ఏదో ఒకటి ఎప్పుడూ ఇబ్బందిలోనే ఉండేది.

చిన్న ట్యాంకులో ఎన్ని పడతాయన్నది చోటు లెక్క అనుకుంటాం. మా ఊళ్ళో సంక్రాంతికి రెండు గదుల ఇంట్లో ముప్పై మంది పడుకుంటాం. చాపలేస్తే చోటుకు లోటు లేదు. తంటా అంతా పొద్దున్నే బాత్రూం దగ్గర. చేపల ట్యాంకులోనూ అడ్డు అక్కడే పడుతుంది. చేప మొప్పల నుంచి అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. మిగిలిపోయిన మేత కుళ్ళినా అమ్మోనియానే. ఫిల్టరు స్పాంజిలో, రాళ్ళ మీద పెరిగే బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఆ తర్వాత నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు. మూడోది కొంత మేరకు తట్టుకోగలిగింది, వారం వారం నీళ్ళు మార్చి దాన్ని మనమే తీసేయాలి. ఆ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ట్యాంకు కొన్న రోజే చేపలు కూడా కొనడమంటే బాత్రూం కట్టకముందే చుట్టాలను పిలవడం. మొదటి నెలలోనే చేపలు చచ్చి "మన చేతికి చేపలు అచ్చిరావు" అనుకునే ఇళ్ళు నేను చాలా చూశాను. చేతిదేం తప్పులేదు.

మన వైపు దీనికి ఇంకో మెలిక ఉంది. మా అపార్టుమెంటు బోరు నీళ్ళలో కరిగిన లవణాలను టీడీఎస్ మీటరుతో చూస్తే 800 దాటింది. గీజరు కాయిల్ మీద సున్నం గడ్డ కడుతుంది. ఇలాంటి గట్టి నీళ్ళకు సాధారణంగా పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) కూడా ఎక్కువే ఉంటుంది. అమ్మోనియా మొత్తం అంతే ఉన్నా, పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అందులో విషంగా పనిచేసే వంతు సుమారు పదింతలవుతుంది. ఎండాకాలం నీళ్ళు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. అదే వేడికి నీళ్ళు పట్టి ఉంచుకునే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే నీళ్ళు 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే పడతాయి. కాబట్టి ఏ చలిదేశం వాడో తన 45 లీటర్లకు చెప్పిన అంకెను హైదరాబాదు మే నెలకు తెచ్చి పెట్టుకోకూడదు. మన బోరు నీళ్ళలో, మన ఎండల్లో, కోతలొచ్చే మన కరెంటుతో ఆ అంకె ఇంకా కిందికి దిగాలి.

అన్నట్టు, ఆ అంకె ఎక్కడిదంటే, గాలన్ నీళ్ళకు అంగుళం చేప అని ఒక పాత సూత్రం ఉంది. గాలన్ అంటే మూడు ముప్పావు లీటర్లు. నా ట్యాంకుకు 12 అంగుళాలు వస్తాయి. అంగుళం నియాన్లు 12 అంటే సరే, బాగానే ఉంది. అదే సూత్రం ప్రకారం అడుగు పొడవు చేప ఒకటి కూడా వేయొచ్చు, అది వెనక్కి తిరగాలంటే గాజుకు ముక్కు తగులుతుంది. పొడవు రెట్టింపైతే చేప బరువు రెట్టింపు కాదు, దాదాపు ఎనిమిదింతలు. తిండీ అలాగే పెరుగుతుంది, విసర్జనా అలాగే. అంగుళాల సూత్రం సన్నటి చిన్న చేపలకు చేతికర్రలా పనికొస్తుంది. గోల్డ్ ఫిష్ లాంటి లావుపాటి వాటి దగ్గర అది విరిగిపోతుంది.

గోల్డ్ ఫిష్ అనగానే మాట్లాడాల్సింది తొమ్మిది గురించి. ఈశాన్యంలో అక్వేరియం, అందులో బంగారు రంగువి ఎనిమిది, నల్లది ఒకటి. వాస్తు పేరుతో దీన్ని చెప్పనివాళ్ళు లేరు. చైనావాళ్ళ ఫెంగ్ షుయ్ లోంచి ఎప్పుడు దిగి మన వాస్తు పురుషుడి పక్కన కూర్చుందో గానీ, ఇప్పుడు షాపుల్లో సెట్టుగా అమ్ముతున్నారు. ఆ నల్లచేప ఇంటి అరిష్టాన్ని తన మీద వేసుకుని పోతుందని కూడా అంటారు. 45 లీటర్లలో తొమ్మిది గోల్డ్ ఫిష్ వేశాక అవి పోవడానికి అరిష్టం అక్కర్లేదు. ఒక్కోటి ఆరంగుళాలు పెరిగే చేప, పదేళ్ళకు పైగా బతకాల్సిన చేప. మనిళ్ళలో అవి ఆర్నెల్లు బతికితే గొప్ప అనుకోవడం అలవాటైపోయి, ఆ చేప ఆయుర్దాయమే అంతేమో అనుకుంటున్నాం. రెండు గోల్డ్ ఫిష్‌కే నేనైతే వంద లీటర్లకు తక్కువ ట్యాంకు చూడను. తొమ్మిది మీద నమ్మకం ఉన్నవాళ్ళు తొమ్మిది చిన్న చేపలు పెట్టుకోవచ్చు. లక్ష్మీదేవి చేప జాతి చూసి వస్తుందని ఎక్కడా వినలేదు.

ఇంతా చెప్పి, తక్కువ వేస్తే చాలు అంతా బాగుంటుందని నేను అనడం లేదు. ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్ చేపలను పెంచేవాళ్ళు కావాలనే కిక్కిరిసేలా వేస్తారు. నాలుగే ఉంటే బలమైనది బలహీనమైనదాన్ని ఏరి పట్టుకుని చంపుతుంది. పాతిక ఉంటే కోపం పంచుకుపోయి ఏ ఒక్కదాని మీదా నిలవదు. దానికి తగ్గ పెద్ద ట్యాంకు, పెద్ద ఫిల్టరు, విసుగు లేకుండా నీళ్ళు మార్చే ఓపిక వాళ్ళకుంటాయి. అలాగే ఒక్క ఫైటర్ చేప ఉన్న ట్యాంకు కూడా పూర్తి ట్యాంకే. అందులో "తోడుగా" ఇంకో మగ ఫైటర్ వేస్తే తెల్లారేసరికి ఏమవుతుందో ఆ పేరే చెబుతుంది. ఆ చేపకు గప్పీల పొడుగు తోకలన్నా మంటే, తన జాతి పోటీదారు అనుకుంటుంది. పది ఉండాల్సినదాన్ని రెండు వేయడం ఎంత తప్పో, ఒకటే ఉండాల్సినదాన్ని రెండు వేయడమూ అంతే తప్పు. జోడీ లెక్క రెండు వైపులా తప్పుతుంది, అందుకే దాని మీద నాకింత కోపం.

మళ్ళీ మొదలుపెట్టినప్పుడు నేను నీళ్ళతో మొదలుపెట్టాను. ఉన్న బోరు నీళ్ళను నియాన్లకు నచ్చేలా మెత్తగా మార్చడం నా వల్ల కాదు. ఆర్వో నీళ్ళు కలిపి చూశాను, నెలకే విసుగొచ్చింది. గట్టి నీళ్ళను ఇష్టపడే గప్పీలనే తీసుకుందామనుకున్నాను. పిల్లల బెడద లేకుండా అన్నీ మగవే. రంగులూ వాటికే ఎక్కువ. షాపతను "ఆడవి లేకుండానా సార్?" అని నన్నో రకంగా చూశాడు. ముందు నాలుగే వేశాను. ఖాళీగా ఉందని ఇంట్లో అందరూ అన్నారు. మూడు వారాలు ఆగి, అమ్మోనియా సున్నా చూపించాక ఇంకో నాలుగు. రెండు నెలల తర్వాత అడుగున తిరిగే కోరీలు ఆరు. ఎదిగినా రెండు మూడంగుళాలు దాటవు, ఎవరి జోలికీ పోవు, ఇసుకలో మూతులు పెట్టి వెతుక్కుంటాయి. మామయ్య చెప్పిన పై నీళ్ళు, అడుగు నీళ్ళు లెక్క ఇది. నడుమ నీళ్ళు ఖాళీ. మొత్తం 14. ఇంచుమించు పాత సంఖ్యే, కానీ అన్నిటినీ కలిపి తూచినా ఆ ఒక్క గోల్డ్ ఫిష్ బరువుకు సరిపోవు.

ఎప్పుడు ఆగాలో చెప్పడానికి సూత్రాల కంటే నైట్రేటు పరీక్ష మేలు. వారానికోసారి మూడో వంతు నీళ్ళు మారుస్తాను, రాత్రే బకెట్లలో పట్టి ఉంచిన నీళ్ళతో. మార్చే ముందు పరీక్ష గొట్టంలో రంగు చూస్తాను. వారం వారం అది ఒకే చోట ఉంటే ట్యాంకు మోస్తోందని అర్థం. నెమ్మదిగా ఎర్రబడుతూ పోతుంటే చేపలెక్కువయ్యాయనో, నేను మేత ఎక్కువ వేస్తున్నాననో అర్థం. ఎక్కువసార్లు రెండోదే. మబ్బు పట్టిన రోజు నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి చెరువులో మేత కట్టరని మామయ్య చెప్పినప్పటినుంచి, కరెంటు ఊగిసలాడే రోజుల్లో నేనూ మేత వేయడం మానేశాను.

గోల్డ్ ఫిష్‌ను, గౌరామీలను పెద్ద ట్యాంకున్న స్నేహితుడికి ఇచ్చాను. సక్కర్ ఫిష్‌తోనే చాలా తిరగాల్సి వచ్చింది. కొన్న షాపు వెనక్కి తీసుకోలేదు. "చెరువులో వదిలేయండి సార్, బతుకుతుంది" అన్నాడు. అది బతుకుతుందనే కదా భయం. చివరికి ఆరడుగుల ట్యాంకున్నాయన ఒకరు తీసుకున్నారు. అప్పటికి అది తొమ్మిది అంగుళాలు ఉంది, బకెట్లో వంకరగా పడుకోబెట్టి తీసుకెళ్ళాను.

మొన్న మామయ్య మళ్ళీ వచ్చినప్పుడు ట్యాంకు ముందు కూర్చుని చాలాసేపు లెక్కపెట్టాడు. గప్పీలు ఒకచోట నిలవవు కదా, ఏడనీ తొమ్మిదనీ రెండుసార్లు తప్పాడు. మా అమ్మాయి పక్కన చేరి "తాతయ్యా, ఒక ఫైటర్ చేప కూడా పడుతుంది కదా?" అని సిఫార్సు అడిగింది. ఆయన నా మొహం చూశాడు. చోటుంది, నీళ్ళున్నాయి, నైట్రేటు కూడా ఒప్పుకుంటుందేమో. గప్పీల తోకలే ఒప్పుకోవు. దానికి వేరే చిన్న ట్యాంకు కావాలని చెప్పాను. ఇప్పుడు ఇద్దరూ కలిసి టీవీ పక్కన టేపు పెట్టి కొలుస్తున్నారు.